ఎడారి జంతువుల ప్రాజెక్టు: చెప్పుల డబ్బానా, ఇసుక కుప్పా, పురికొసా?

ఎడారి జంతువుల మీద ప్రాజెక్టు చేసుకురమ్మంటే మర్నాడు క్లాసు నిండా చెప్పుల డబ్బాలే. అడుగున కాస్త ఇసుక, వెనక పసుపు చార్టు, మధ్యలో ప్లాస్టిక్ ఒంటె, పక్కన ఆకుపచ్చ రంగేసిన కాక్టస్. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ డబ్బా తెచ్చిన పిల్లనే పిలిచి, ఒంటె అన్ని రోజులు నీళ్లు తాగకుండా ఎలా ఉండగలదో అడగండి. మూపురంలో నీళ్లు దాచుకుంటుంది అంటుంది. మూపురంలో ఉండేది కొవ్వు. డబ్బాకు రంగులు వేస్తూ కూర్చున్నంతసేపూ ఆ పిల్లకు ఒంటె ఒంటి గురించి ఆలోచించాల్సిన పనే పడలేదు. ఆ తప్పు అలాగే ఉండిపోయింది.

అందుకే ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు ఏది చవక, ఏది అందం అన్నవి తర్వాత చూసుకోవచ్చు. ఈ పని అయ్యాక పిల్లలు ఏ ప్రశ్నకు సొంత మాటల్లో జవాబు చెప్పాలో ముందు తేల్చుకోవాలి. ఎడారి పాఠంలో అసలైన ప్రశ్నలు కొన్నే: ఎండను ఎలా తప్పించుకుంటాయి, మెత్తటి ఇసుకలో ఎలా నడుస్తాయి, ఒంట్లో వేడిని ఎలా వదిలించుకుంటాయి, ఉన్న కాస్త తిండి ఎవరి నుంచి ఎవరికి చేరుతుంది, మనుషులు చేసే పనులకు వాటి గతి ఏమవుతుంది. కింద చెప్పే ప్రాజెక్టులు ఒక్కోటీ వీటిలో ఒకదానికే గట్టిగా జవాబిస్తాయి. ఒక టర్మ్‌లో రెండు చేస్తే ఎక్కువే.

ముందు ఎడారిని ఖాయం చేయండి

ఒకే డబ్బాలో సహారా ఫెనెక్ నక్క, కలహారి మీర్‌క్యాట్, అమెరికా సాగ్వారో కాక్టస్, రెండు మూపురాల ఒంటె పక్కపక్కన కనిపించడం మామూలే. ఫోన్‌లో వెతికితే అన్ని ఎడారుల బొమ్మలూ కలిసి వస్తాయి కాబట్టి ఇలా జరుగుతుంది. మన పిల్లలకు థార్ అన్నిటికన్నా అనువు. ఒంటె, చింకారా అనే జింక, ఎడారి నక్క, ఎడారి పిల్లి, పగటిపూట తిరిగే ఎడారి ఎలుక, రాజస్థాన్‌లో సాండా అనే ముళ్లతోక బల్లి, బట్టమేక పిట్ట, రాబందు. ఈ ఎనిమిదీ చాలు.

తప్పులు దొర్లే చోట్లు రెండున్నాయి. థార్ ఒంటెకు ఒకటే మూపురం. రెండు మూపురాలవి మన దేశంలో ఉన్నది లడఖ్‌లోని నుబ్రా లోయలో, అది చలి ఎడారి. రెండోది కాక్టస్. వాటి పుట్టిల్లు అమెరికా ఖండాలు. మన పొలం గట్ల మీది నాగజెముడు కూడా అక్కడి నుంచి వచ్చిందే. థార్‌లో మీకు కనిపించేవి జమ్మి, రేగు, జిల్లేడు, సేవణ్ గడ్డి. రాజస్థాన్ రాష్ట్ర వృక్షం ఖేజ్రీ, తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి, రెండూ ఒకే చెట్టు. కాక్టస్ కోసం ఆకుపచ్చ పెయింటు కొనే బదులు ఒక ఎండు జమ్మి రెమ్మ తెచ్చి గుచ్చితే ఖర్చూ తగ్గుతుంది, పాఠమూ సరిగ్గా ఉంటుంది.

డబ్బా నమూనా: చేయాల్సి వస్తే నిలువుకోత చేయండి

సైన్స్ ఫెయిర్ ఉంది, గోడ పక్కన నిలబెట్టి చూపించే వస్తువు కావాలి అంటే డబ్బా తప్పదు. దాన్నైనా నేల మీది దృశ్యంగా కాకుండా నేల కోసి చూపినట్టు చేయండి. పగటిపూట ఎడారిలో చిన్న జంతువులు చాలావరకు నేల కిందే ఉంటాయి. మామూలు డబ్బాలో కనపడనిది సరిగ్గా ఆ భాగమే.

చెప్పుల డబ్బా ఇందుకు చిన్నది. కిరాణా కొట్లో దొరికే 40 సెం.మీ. ఎత్తు అట్టపెట్టె తీసుకోండి. ముందు వైపు పూర్తిగా కోసేయండి. పైన నాలుగో వంతు మాత్రమే ఆకాశం, నేల. మిగతా అంతా భూమి లోపలి భాగం. కొలతలో ఒక చిక్కుంది. ఒంటె భుజం దగ్గర దాదాపు రెండు మీటర్ల ఎత్తు, ఎడారి ఎలుక ఒళ్లు 13 సెం.మీ. దరిదాపు. ఒంటెను 10 సెం.మీ. చేస్తే ఎలుక సెంటీమీటరుకు లోపే వస్తుంది, మట్టితో చేయలేరు. అందుకని ఒంటెను వెనక చార్టు మీద దూరంగా గీసేయండి. బొమ్మలుగా చేసేవి బొరియలో ఉండేవి మాత్రమే, నాలుగో వంతు కొలతలో: 40 సెం.మీ. సాండా 10 సెం.మీ. అవుతుంది, ఎలుక మూడు సెం.మీ. దాటుతుంది. బొరియలు నిలువుగా కాకుండా వాలుగా, మలుపులతో ఉండాలి. సాండా లోపలికి వెళ్లాక బొరియ మూతిని ఇసుకతో పూడ్చుకుంటుంది, అది చూపిస్తే జడ్జీలు తప్పకుండా ప్రశ్న అడుగుతారు, పిల్లలకు చెప్పడానికి ఒక మాట దొరుకుతుంది.

ఇసుక నింపకండి. 40 సెం.మీ. పెట్టెలో నిజంగా ఇసుక పోస్తే అట్ట అడుగున చీలిపోతుంది. నలిపిన న్యూస్‌పేపర్‌తో ఆకారం కట్టి, దాని మీద ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి బ్రష్‌తో పూసి, జల్లించిన పొడి ఇసుక చల్లండి. పూర్తిగా ఆరాక, అంటే మర్నాడు, రెండో పూత వేయండి. మొదటి పూత తడిగా ఉండగానే రెండోది వేస్తే ఇసుక గడ్డలుగా ఊడివస్తుంది. ఒక వైపే తడిపిన అట్ట వంకర పోతుంది, వెనక వైపు కూడా అదే ద్రావణం ఒక చేయి పూస్తే నిటారుగా ఉంటుంది. థర్మోకోల్ వాడితే స్ప్రే పెయింటు, ఘాటు వాసన వచ్చే రబ్బరు గమ్ము రెండూ దానికి పడవు, తగిలిన చోటల్లా కరిగి గుంటలు పడతాయి.

మూడు రోజుల పని. ఐదారుగురు పిల్లల జట్టుకు ఒకటి. ఇంతా చేస్తే ఇది చూపించే ప్రాజెక్టే, కనుక్కునే ప్రాజెక్టు కాదు. బొరియలో చల్లగా ఉంటుందని పిల్లలు లేబుల్ మీద రాస్తారు గానీ, ఎంత చల్లగా అంటే చెప్పలేరు.

ఇసుకలో థర్మామీటర్: ఒక్కటే చేసే వీలుంటే ఇదే చేయండి

ఐదో తరగతి నుంచి తొమ్మిది వరకు ఎవరికైనా పనికొస్తుంది. ఖర్చు తక్కువ, ఫలితం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, గ్రాఫ్ గీయడం కూడా అందులోనే నేర్చుకుంటారు. థార్‌లో వేసవి మధ్యాహ్నం ఇసుక పైపొర 60 డిగ్రీలు దాటుతుందని పుస్తకంలో చదవడం వేరు, తమ బడి ఆవరణలో అరచేయి లోతున ఎంతుందో తామే చూడటం వేరు.

మన దగ్గర దీనికి సరైన కాలం ఒంటిపూట బడులు మొదలయ్యే మార్చి నెల. ఎండ గట్టిగా ఉంటుంది, వాన భయం ఉండదు, ఉదయం ఎనిమిది నుంచి పన్నెండున్నర వరకు అరగంటకోసారి చూస్తే పది రీడింగులు వస్తాయి. జూన్, జులైలో మాత్రం వద్దు. తడిసిన ఇసుక వేడెక్కే తీరే వేరు, పైన నీరు ఆవిరవుతూ చల్లబరుస్తుంది కాబట్టి తేడా సగానికి సగం పోతుంది.

జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు, అది కొలిచేదే 35 నుంచి 42 డిగ్రీల దాకా. ల్యాబ్‌లో ఉండే గాజు థర్మామీటర్ పైపొరకు సరిపోతుంది గానీ, లోపల పెట్టింది చదవాలంటే బయటికి లాగాలి, లాగేలోపు అంకె మారిపోతుంది. అక్వేరియం సామాన్లు అమ్మే చోట, ఎలక్ట్రానిక్స్ కొట్లలో మీటరు వైరున్న డిజిటల్ థర్మామీటర్లు చవకగా దొరుకుతాయి. అవి మూడు కావాలి. అన్నిటినీ ముందు ఒకే గ్లాసు నీళ్లలో ముంచి చూడండి. ఒకటి రెండు డిగ్రీల తేడా ఉంటే ఆ తేడా ఎంతో దాని మీద స్టిక్కర్ అంటించి రాసుకోండి, తర్వాత రీడింగుల్లోంచి ఆ తేడా తీసేయవచ్చు.

కట్టుబడికి పోసిన ఇసుక కుప్ప ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే ఎండ పడే చోట అర మీటరు వెడల్పు, 40 సెం.మీ. లోతు గుంట తీసి పొడి ఇసుకతో నింపండి. ఒక చెక్క స్కేలుకు గానీ బద్దకు గానీ మూడు గుర్తులు పెట్టి, సున్నా, 10, 30 సెం.మీ. దగ్గర ప్రోబులను, అంటే వైరు కొసన వేడిని కొలిచే ముక్కలను, టేపుతో కట్టండి. దాన్ని నిలువుగా నిలబెట్టి ఇసుక పోయండి. ఈ పనంతా ముందు రోజు సాయంత్రమే అయిపోవాలి. ఉదయం తవ్వి ఉదయమే కొలిస్తే పై ఇసుక, కింది ఇసుక కలిసిపోయి ఉంటాయి, మొదటి గంట అంకెలు దేనికీ పనికిరావు. పైన ఉన్న ప్రోబును రెండు మూడు మిల్లీమీటర్ల ఇసుకతో కప్పాలి. కప్పకపోతే ఎండ నేరుగా దాని మీద పడి, మీరు కొలిచేది ఇసుక వేడి కాదు, ప్రోబు వేడి అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది బకెట్ దగ్గర. గుంట తవ్వడం ఎందుకని బకెట్‌లో ఇసుక పోసి ఎండలో పెడతారు. నేల పై నుంచి మాత్రమే వేడెక్కుతుంది, బకెట్ పక్కల నుంచి కూడా వేడెక్కుతుంది. 30 సెం.మీ. లోతున ఉన్న ప్రోబు బకెట్ గోడకు జానెడు దూరంలో కూడా ఉండదు. మధ్యాహ్నానికి లోపలా పైనా పెద్ద తేడా లేదని పిల్లలు రాసేస్తారు. సిమెంటు ఆవరణ తప్ప ఇంకేమీ లేని బడిలో బకెట్టే గతి అయితే, చుట్టూ రెండు వేళ్ల మందం థర్మోకోల్ కట్టి దాని మీద తెల్ల గుడ్డ చుట్టండి.

ఎనిమిదింటికి పిల్లలు కంగారు పడతారు. పైపొర కన్నా 30 సెం.మీ. లోతే వెచ్చగా ఉంటుంది. థర్మామీటర్ పాడైందనుకుంటారు. పాడవలేదు, రాత్రి పైన చల్లారింది, లోపల చల్లారలేదు, అంతే. చలికాలం రాత్రి బొరియ ఎందుకు కావాలో కూడా ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది. తొమ్మిది, పది మధ్య గ్రాఫ్‌లో గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. మధ్యాహ్నానికి పైన 50 దాటుతుంది, 30 సెం.మీ. దగ్గర గీత దాదాపు అడ్డంగా సాగిపోతుంది. 10 సెం.మీ. గీత మధ్యస్థంగా, ఆలస్యంగా లేస్తుంది. ఎవరైనా హాస్టల్ పిల్లలుంటే సాయంత్రం ఆరు దాకా కొనసాగించమనండి: పైన చల్లబడటం మొదలయ్యాక కూడా 10 సెం.మీ. దగ్గర కాసేపు పెరుగుతూనే ఉంటుంది. వేడి ఇసుకలోకి దిగడానికి గంటలు పడుతుంది. అది దిగేలోపు పొద్దు గూకుతుంది కాబట్టే లోతైన బొరియ చల్లగా మిగులుతుంది.

దీనికి తోడుగా ఒక చిన్న పని. రెండు ఒకేలాంటి నాప్‌కిన్లు తడిపి, నీరు కారకుండా పిండి, వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచండి. ఒకటి దండెం మీద, ఇంకోటి మూత పెట్టిన కుండలో. గంట తర్వాత మళ్లీ తూస్తే దండెం మీదిది చాలా తేలికైపోతుంది, కుండలోది దాదాపు అలాగే ఉంటుంది. మూసి ఉన్న బొరియలో గాలి తేమగా ఉంటుంది, ఊపిరితో పోయే నీరు తగ్గుతుంది. ఎడారి ఎలుక ఒంట్లో నీటిని ఎలా కాపాడుకుంటుందో అర్థం కావడానికి ఇంతకన్నా సులువు దారి లేదు.

ఒంటె పాదం: లీటరు సీసా చాలు

మూడు, నాలుగు తరగతులకు థర్మామీటర్ గ్రాఫ్ బరువు. వాళ్లకు ఇది సరిపోతుంది, ఒక పీరియడ్‌లో అయిపోతుంది.

వెడల్పు టబ్బులో 10 సెం.మీ. లోతున పొడి ఇసుక పోయండి. నీళ్లు నింపిన లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకుని, మూత గట్టిగా బిగించి తలకిందులుగా మూత మీద నిలబెట్టండి. ఇసుకలోకి దిగుతుంది. ఎంత దిగిందో స్కేలుతో చూసి, తర్వాత అదే సీసాను అడుగు మీద నిలబెట్టండి. దిగదు, దిగినా ఆనవాలు మాత్రమే. బరువు మారలేదు, సీసా మారలేదు, నేలకు ఆనిన వైశాల్యం మాత్రం మారింది. మూత అడ్డం 3 సెం.మీ. అనుకుంటే వైశాల్యం 7 చదరపు సెం.మీ., కిలో బరువు దాని మీద పడితే చదరపు సెంటీమీటరుకు 140 గ్రాముల పైన. అడుగు 8 సెం.మీ. అయితే 50 చదరపు సెం.మీ., అంటే 20 గ్రాములు. ఏడో తరగతి వాళ్ల చేత ఈ లెక్క చేయించండి, మూడో తరగతి వాళ్లకు మూతను, అడుగును కాగితం మీద పెట్టి గీయించి చూపిస్తే చాలు. ఒంటె కాలికి రెండే వేళ్లు, కింద వెడల్పాటి మెత్తటి దిండు, బరువు పడగానే అది పరుచుకుంటుంది.

తలకిందులుగా ఉన్న సీసా పడిపోతుందని పిల్లలు చేత్తో నొక్కి పట్టుకుంటారు, అప్పుడు కొలిచేది చేతి బలం. చార్టును సీసా చుట్టూ వదులుగా గొట్టంలా చుట్టి, ఆ గొట్టాన్ని ఒకరు పట్టుకుంటే సీసా దానంతటది దిగుతుంది. ప్రతిసారీ ఇసుకను స్కేలుతో కలియదిప్పి చదును చేయాలి. ఒకసారి అణిగిన ఇసుకలో రెండోసారి సగం కూడా దిగదు. కొట్టు నుంచి తెచ్చిన ఇసుకలో తేమ ఉంటుంది, రెండు రోజులు ఎండబెట్టండి. తడి ఇసుకలో ఈ ప్రయోగం అసలు జరగదు.

పెద్ద చెవులు: బాగుంటుంది, కానీ జాగ్రత్తగా చెప్పాలి

ఎడారి నక్కలాంటివి పెద్ద చెవులతో ఒంటి వేడిని ఎలా వదిలించుకుంటాయో చూపే ఈ ప్రాజెక్టు చాలా చోట్ల స్టీలు ప్లేటు, స్టీలు గ్లాసుతో చేయిస్తారు. రెండింట్లో సమానంగా వేడినీళ్లు పోస్తే ప్లేటులోవి ముందు చల్లారుతాయి, అది చెవి అంటారు. నిజానికి ప్లేటులో నీరు ఎక్కువగా ఆవిరైపోవడం వల్ల కూడా చల్లారింది, చెవి నుంచి అలా నీరు ఆవిరి కాదు. దీనికి బదులు రెండు జిప్ కవర్లు తీసుకుని ఒక్కోదాంట్లో 200 మి.లీ. నీళ్లు, 50 డిగ్రీలకు మించకుండా పోసి, గాలి తీసేసి మూయండి. ఒకటి పల్చగా పరుచుకునేలా బట్టల క్లిప్పులతో వేలాడదీయండి. ఇంకోటి గట్టిగా చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి దాన్నీ వేలాడదీయండి. బల్ల మీద పెడితే వేడి బల్లలోకి పోతుంది, పోలిక చెడుతుంది. ఫ్యాను ఉంటే రెండింటికీ సమానంగా తగలాలి. పది, ఇరవై నిమిషాలకు జిప్ కాస్త తెరిచి కొలవండి. కవర్లు కారతాయి, కింద పళ్లెం పెట్టుకోండి.

ఇక్కడ చెప్పి తీరాల్సింది ఒకటుంది. ఒంటి కన్నా గాలి చల్లగా ఉన్నప్పుడే చెవి వేడిని వదలగలదు. మధ్యాహ్నం గాలి 45 డిగ్రీలుంటే పెద్ద చెవి వేడిని లోపలికి తెచ్చుకుంటుంది. అందుకే నక్క ఆ వేళకు బొరియలో ఉంటుంది, చెవులు పనికొచ్చేది పొద్దు గూకాక, వేట చప్పుడు వినడానికి కూడా. ఈ మాట చెప్పే ఓపిక లేకపోతే ఈ ప్రాజెక్టు ఎత్తుకోవద్దు. తప్పు భావన ఒకటి తీసి ఇంకోటి పెట్టినట్టవుతుంది.

దారం ముక్కల వేట

ఒకటి, రెండు తరగతులకు. ఊలు దారం నాలుగు రంగుల్లో, ఒక్కో రంగు 20 ముక్కలు, 3 సెం.మీ. పొడవు. ఎండు గడ్డి ఉన్న నేల మీద రెండు మీటర్ల చదరంలో చల్లి, నలుగురు పిల్లల్ని 15 సెకన్లు ఏరమనండి. ఎరుపు, నీలం ముందు దొరుకుతాయి, గోధుమ రంగు మిగిలిపోతుంది. గుప్పిళ్లతో ఎత్తేస్తారు, ఒక్కోసారి ఒక్కటే తీసి డబ్బాలో వేసి మళ్లీ రావాలని నియమం పెట్టండి. చింకారా, ఎడారి పిల్లి ఇసుక రంగులో ఎందుకున్నాయో వేరే చెప్పనక్కర్లేదు.

పురికొస ఆహార వల

చోటుంది, సామాను లేదు, పిల్లలు నలభై మంది ఉన్నారు అంటే ఇది. పదిహేను మంది మెడలో కార్డులు వేసుకుని గుండ్రంగా నిలబడతారు: జమ్మి, సేవణ్ గడ్డి, మిడత, పేడపురుగు, ఎడారి ఎలుక, సాండా, చింకారా, ఒంటె, బట్టమేక పిట్ట, నక్క, ఎడారి పిల్లి, డేగ, రాబందు, ఇంకా మీ ఇష్టం. మిగతావాళ్లు ఎవరి నుంచి ఎవరికి దారం వెళ్లాలో చెప్పాలి.

ఎక్కువమంది ఒకే పురికొస ఉండను ఒకరి మీదికొకరు విసిరిస్తారు. ఆట బాగుంటుంది, పాఠం పోతుంది. ఉండ మిడత దగ్గర నుంచి గడ్డి దగ్గరికి కూడా వెళ్తుంది, ఎవరు ఎవరికి తిండో దిక్కు మిగలదు. బదులుగా మూడేసి మీటర్ల ముక్కలు ఇరవై అయిదు కోసిపెట్టుకోండి, 75 మీటర్ల పురికొస అవుతుంది. తినే జంతువు వైపు కొసకు ఎర్ర టేపు చుట్టండి. సాండా మొక్కలు తినే బల్లి, మిడతల్ని కూడా తింటుంది గానీ ప్రధానంగా ఆకులే. పిల్లలు దాన్ని ఉడుములా వేటాడేదనుకుంటారు, ఆ దారం దిక్కు మీద వాదన తప్పకుండా వస్తుంది. రానివ్వండి. దారాలన్నీ కాస్త వదులుగా పట్టుకున్నాక జమ్మిని కూర్చోమనండి. తమ దారం లాగినట్టు తెలిసినవాళ్లు కూర్చుంటారు, వాళ్లతో పాటు ఇంకొందరు. రెండోసారి ఒంటెను కూర్చోబెట్టి చూడండి, అంతమంది పడిపోరు. రెండు అంకెలూ బోర్డు మీద రాస్తే చర్చకు అది చాలు.

డబ్బాకూ దీనికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే, పెద్ద క్లాసుకు పురికొసే నయం. డబ్బాలో చురుగ్గా పనిచేసేది జట్టుకు ఇద్దరు, మిగతా నలుగురు ఫెవికాల్ పట్టుకుని నిలబడతారు.

బతికున్న జీవి కావాలంటే

సాండాను, నక్షత్ర తాబేలును తెచ్చి చూపిస్తామని పిల్లలు ఎవరైనా అంటే వెంటనే ఆపండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి రక్షిత జంతువులు, పట్టుకోవడం, ఉంచుకోవడం నేరం. సాండాను నూనె కోసం పట్టి చంపే వ్యాపారం ఉందన్నది పై తరగతులకు చెప్పదగ్గ విషయమే.

ఇంటి చూరు కింద, చెట్టు మొదట్లో మెత్తటి దుమ్ములో గరాటులాంటి గుంటలు చేసుకుని చీమల కోసం అడుగున దాక్కునే పురుగు ఉంటుంది చూడండి, వెనక్కి వెనక్కి నడుస్తుంది. దానిలాంటివి ఎడారి ఇసుకలోనూ ఉంటాయి. ప్లాస్టిక్ టబ్బులో 5 సెం.మీ. లోతు, టీ వడగట్టుతో జల్లించిన పొడి ఇసుక పోసి ఒక్క పురుగును వదలండి. రెండు వేస్తే ఒకదాన్నొకటి తింటాయి. రోజుకో చీమ చాలు, నీళ్లు అక్కర్లేదు, తిన్నదాంట్లోంచే తేమ తీసుకుంటుంది. మూడు టబ్బుల్లో సన్న ఇసుక, ముతక ఇసుక, కాస్త తడిపిన ఇసుక పెట్టి మర్నాడు ఎందులో గుంట పడిందో చూడాలి. తడి ఇసుక గోడ జారదు, చీమ పడదు, అందులో గుంటే ఉండదు. సన్న ఇసుకలో గోడ వాలు కోణమానినితో కొలిస్తే ముప్పై డిగ్రీల పైచిలుకు వస్తుంది, చేత్తో పోసిన ఇసుక కుప్ప వాలు కూడా దాదాపు అంతే. టబ్బును కిటికీ ఎండలో పెట్టకండి, పురుగు అడుగుకు పోయి ఎండ తగ్గేదాకా పైకి రాదు. కావాలంటే ఒక గంట అలా పెట్టి అదే చూపించవచ్చు. వారం తర్వాత తెచ్చిన చోటే వదిలేయాలి.

ఇది చవక, బతికున్న జీవిని చూసే అవకాశం ఇదొక్కటే. కానీ సెలవు రోజు చూసుకునేవాళ్లు కావాలి, ఫలితం రోజూ కనిపించదు, ప్రదర్శనలో చూపడానికి ఏమీ ఉండదు. పన్నెండు మందికి మించిన క్లాసులో టబ్బు చుట్టూ తోపులాటే.

ఎనిమిది, తొమ్మిది తరగతులకు: బట్టమేక పిట్ట వ్యాజ్యం

ఈ వయసువాళ్లకు బొమ్మలు, ఆటలు ఆనవు. థర్మామీటర్ అయ్యాక వాళ్లకు ఇవ్వదగ్గది ఒక నిజమైన తగువు. బట్టమేక పిట్ట రాజస్థాన్ రాష్ట్ర పక్షి. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడులో దీని కోసం 1988లో అభయారణ్యం పెట్టారు కాబట్టి తెలుగు పిల్లలకు ఇది పరాయి పిట్ట కాదు. ఇప్పుడు దేశం మొత్తం మీద నూట యాభైకి మించి లేవని అంచనా. మగది 15 కిలోల దాకా తూగుతుంది, ఆడది సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది. కళ్లు పక్కలకు ఉండటంతో ఎదురుగా ఉన్న తీగ సరిగ్గా కనపడదు, అంత బరువుతో చటుక్కున మలుపు తిరగలేదు. జైసల్మేర్ చుట్టూ సౌర, పవన విద్యుత్ కేంద్రాల నుంచి పోయే హైటెన్షన్ తీగలకు తగిలి చనిపోతోంది. 2021లో సుప్రీంకోర్టు తీగలను భూగర్భంలో వేయమని ఆదేశించింది, ఆ తర్వాత ఖర్చు, సాధ్యాసాధ్యాలపై వాదనలు సాగి 2024లో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది.

క్లాసును నాలుగు జట్లు చేయండి: అటవీ శాఖ, విద్యుత్ కంపెనీ, ఊరి పశువుల కాపరులు, కోర్టు. మొదటి పీరియడ్‌లో ప్రతి జట్టూ ఒకే పేజీ నోట్సు రాయాలి, అందులో కనీసం మూడు వాస్తవాలు పిట్ట ఒంటి గురించి ఉండాలి. ఈ షరతు లేకపోతే చర్చ పది నిమిషాల్లో కాలుష్యం, అభివృద్ధి అనే పడికట్టు మాటల్లోకి జారిపోతుంది. రెండో పీరియడ్‌లో వాదన, ఒక్కో జట్టుకు ఐదు నిమిషాలు. ఓటింగ్ పెట్టకండి, పిల్లలు స్నేహితుల జట్టుకే వేస్తారు. కోర్టు జట్టు చేత తీర్పు రాయించండి. ఏ తీగలు భూమిలోకి, ఏవి పైనే ఉంచి వాటికి పిట్టలకు కనిపించేలా బిళ్లలు తగిలించాలి, ఎందుకు అన్నది మ్యాపు మీద గుర్తులు పెట్టి చెప్పాలి. మార్కులు ఆ మ్యాపుకే వేయండి.